ఎంత బరువు మోస్తే న్యాయం?

ఫ్రాన్స్‌లోని లె మాన్ పట్టణంలో 24 గంటల కార్ల రేసు 1923లో మొదలైంది. 2023 జూన్‌లో ఆ ఊరు రేసు నూరేళ్ల పండగకు సిద్ధమవుతోంది. ఇంకా కొద్ది రోజుల్లో పోటీ అనగా నిర్వాహకులు ఒక పట్టిక విడుదల చేశారు. అందులో కార్ల పేర్లు, వాటి పక్కన కిలోలు. టయోటా 37 కిలోలు అదనంగా మోయాలి. ఫెరారీ 24, కాడిలాక్ 11, పోర్షే 3. వీళ్లలో ఎవరూ ఏ నిబంధననూ మీరలేదు. వేగంగా ఉన్నారు, అంతే.

2018 నుంచి వరసగా ఐదేళ్లు అక్కడ గెలిచిన టయోటా ఆ ఏడు రెండో స్థానంతో సరిపెట్టుకుంది. 1965 తర్వాత మొదటిసారిగా ఫెరారీ గెలిచింది. 342 ల్యాపులు తిరిగాక రెండు కార్ల మధ్య తేడా 1 నిమిషం 21.8 సెకన్లు. ఒక్కో ల్యాపుకు పంచితే సెకనులో నాలుగో వంతు కూడా రాదు. ఆ కిలోలే లేకపోతే ఎవరు గెలిచేవారన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

వేగంగా ఉన్నవాడి మీద బరువు పెట్టి ఆపడం పోటీ ఎలా అవుతుంది? వినగానే ఎవరికైనా వచ్చే సందేహమే ఇది. దానికి జవాబు కొంత భౌతికశాస్త్రంలో, కొంత గణాంకశాస్త్రంలో, మిగిలింది మనుషుల తెలివితేటల్లో ఉంది.

మూడు దారులు

యంత్రాలతో ఆడే ఆటను న్యాయంగా నడపడానికి మూడు దారులున్నాయి. మొదటిది, అందరికీ ఒకే యంత్రం ఇవ్వడం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ రేసు ఈ దారికి దగ్గరగా ఉంటుంది. అక్కడ చాసిస్, బ్యాటరీ, టైర్లు అందరికీ ఒకటే. వెనక చక్రాల మోటారు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరివి వారివి. రేసులో వాడదగ్గ పవర్‌కు 300 కిలోవాట్లని ఒక హద్దు, కాసేపు మాత్రం 350. ఆ రోజు మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీ పవర్ హద్దు దాటినట్టు తేలడంతో పెనాల్టీ పడి ఆ స్థానం పోగొట్టుకున్నాడు. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్‌తో పాటు పోడియం మీదికి నిక్ క్యాసిడీ, ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా ఎక్కారు.

రెండో దారి ఫార్ములా-1ది. నిబంధనల పుస్తకం అందరికీ ఒకటే. ఆ హద్దుల్లో ఎవరి కారు వారు తయారు చేసుకోవాలి. బాగా తయారు చేసినవాడే గెలుస్తాడు. ఒక జట్టు మిగతావాళ్లకన్నా చాలా ముందుకు పోతే పోనివ్వడమే.

మూడోది, వేరువేరు కార్లను రానిచ్చి తూకం వేసి సమం చేయడం. దీన్ని బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అంటారు. రేసు మనుషుల నోట అది 'బీఓపీ'. ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో అడ్మిరల్ హెన్రీ రౌస్ 1855 నుంచి గుర్రప్పందేలకు అధికారిక హ్యాండిక్యాపర్‌గా ఉండి, ఏ వయసు గుర్రం ఎంత బరువు మోయాలో పట్టికలు కట్టాడు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో హ్యాండిక్యాప్ రేసు చూసినవాళ్లకు ఈ పద్ధతి తెలిసిందే. రేటింగ్ ఎక్కువున్న గుర్రం జీనులో సీసపు బిళ్లలు ఎక్కువ పడతాయి.

కార్లలో ఈ పద్ధతి వేళ్లూనుకున్నది 2006లో. స్టెఫాన్ రాటెల్ సంస్థ మొదలుపెట్టిన జీటీ3 తరగతిలో షోరూముల్లో అమ్మే స్పోర్ట్స్ కార్లను రేసుకు మార్చి దింపారు. ఇంజను ముందున్నది, నడుమ ఉన్నది, వెనక ఉన్నది. టర్బో ఉన్నది, లేనిది. పుట్టుకలోనే సమానం కాని ఈ కార్లకు బరువు, పవర్ సర్దుబాటు చేయకపోతే రెండో రేసుకే ఒకే కంపెనీ మిగులుతుంది. తర్వాత జీటీ3 ప్రపంచమంతా పాకింది.

లె మాన్ అగ్రశ్రేణిది మరో కథ. ఆడి, పోర్షే, టయోటా అక్కడ హైబ్రిడ్ కార్ల మీద నీళ్లలా డబ్బు పోశాయి. 2016 చివర ఆడి, 2017 చివర పోర్షే తప్పుకున్నాయి. 2020 రేసుకు వచ్చేసరికి అగ్రశ్రేణిలో మిగిలింది ఐదే కార్లు. 2021లో 'హైపర్‌కార్' తరగతి, దాంతో బీఓపీ వచ్చాయి. 2024లో అదే తరగతిలో తొమ్మిది కంపెనీల కార్లు 23 బరిలో దిగాయి. ఎంత ఖర్చు పెట్టినా వేగానికి పైకప్పు ఉందని తెలిస్తే ఖర్చు దానంతటదే తగ్గుతుంది. బీఓపీ పుట్టుకలో న్యాయం పాలు ఎంతుందో ఆర్థికం పాలూ అంతే ఉంది.

కిలో ఏం చేస్తుంది, కిలోవాట్ ఏం చేస్తుంది

హైపర్‌కార్ తరగతిలో ఫెరారీది 3 లీటర్ల వీ6 టర్బో. కాడిలాక్‌ది 5.5 లీటర్ల వీ8, టర్బో లేదు. ఆస్టన్ మార్టిన్‌ది హైబ్రిడ్డే లేని 6.5 లీటర్ల వీ12. పెజో మొదట్లో వెనక రెక్క లేకుండానే వచ్చి, 2024లో రెక్క పెట్టుకుంది. వీటన్నిటినీ ఒకే వేగానికి తేవాలంటే తిప్పడానికి కొన్ని మీటలు కావాలి.

మొదటి మీట బరువు. న్యూటన్ రెండో సూత్రం ప్రకారం అదే బలానికి బరువు పెరిగితే త్వరణం తగ్గుతుంది. వెయ్యి కిలోల కారుకు పది కిలోలు కలిపితే మలుపు దాటి వేగం అందుకోవడం సుమారు ఒక శాతం మందగిస్తుంది. బ్రేకు వేసినప్పుడు, టైర్ల అరుగుదలలో కూడా ఆ ప్రభావం కనిపిస్తుంది.

మలుపుల్లో లెక్క ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది. టైరు పట్టు దాని మీద పడే భారాన్ని బట్టి ఉంటుంది గనక, బరువు పెరిగితే పట్టూ పెరగాలి కదా, నష్టమేముంది అనిపిస్తుంది. రేసు కారును నేలకు అదిమేది దాని బరువొక్కటే అయితే ఆ మాట చాలావరకు నిజమే. కానీ గాలి కూడా అదుముతుంది, అదే డౌన్‌ఫోర్స్. ఒక మలుపులో వెయ్యి కిలోల కారును గాలి మరో వెయ్యి కిలోల బరువంత బలంతో నొక్కుతోందనుకుందాం. టైర్ల మీద భారం కారు బరువుకు రెండింతలు. ఇప్పుడు 40 కిలోలు కలపండి. గాలి మాత్రం అంతే నొక్కుతుంది. 2,040ని 1,040తో భాగిస్తే 1.96 వస్తుంది. పక్కకు తిరగగల సత్తువ రెండు శాతం తగ్గింది. మలుపులో వేగం దాని వర్గమూలాన్ని అనుసరిస్తుంది గనక ఒక శాతం పడిపోతుంది. దీనికితోడు, భారం పెరిగే కొద్దీ టైరు పట్టు అదే దామాషాలో పెరగదు. అందుకే బరువు సర్క్యూట్‌లో దాదాపు ప్రతి మీటరులోనూ తన రుసుము వసూలు చేస్తుంది.

రెండో మీట పవర్. ఇది తిన్నని దారిలో పనిచేస్తుంది. వేగం పెరిగితే గాలి నిరోధం దాని వర్గంలో పెరుగుతుంది, ఆ నిరోధాన్ని గెలవడానికి కావలసిన పవర్ ఘనంలో పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల పవర్ కావాలి. ఇదే సూత్రాన్ని తిరగేస్తే, 500 కిలోవాట్లకు మరో ఐదు కలిపినా, అంటే ఒక శాతం పెంచినా, గరిష్ఠ వేగం శాతంలో మూడో వంతే పెరుగుతుంది. గంటకు 330 కిలోమీటర్ల దగ్గర అది ఒక కిలోమీటరు పైచిలుకు. తక్కువ వేగాల దగ్గర అదే ఐదు కిలోవాట్లు త్వరణాన్ని బాగా పెంచుతాయి. అందుకే 2024 లె మాన్ నుంచి పవర్ సర్దుబాటును రెండు అంచెలు చేశారు: గంటకు 250 కిలోమీటర్ల లోపు ఒక లెక్క, పైన ఇంకో లెక్క. మలుపుల్లో చురుకైనా తిన్నని దారిలో గాలితో ఎక్కువ పెనుగులాడే కారుకు, దాని లోటు ఉన్న చోటే సాయం చేయడానికి ఇది వీలిచ్చింది.

పవర్ తగ్గించే పాత ఉపాయం రెస్ట్రిక్టర్. ఇంజను గాలి పీల్చే దారిలో ఒక సన్నని గొంతు పెడతారు. ఆ గొంతులో గాలి ధ్వని వేగాన్ని అందుకోగానే ప్రవాహం అక్కడ బిగుసుకుపోతుంది. ఇంజను ఎంత గట్టిగా లాగినా అంతకుమించి గాలి రాదు. గాలి ఎంతో ఇంధనం అంతే, ఇంధనం ఎంతో పవర్ అంతే. ఉదాహరణకు 29 మిల్లీమీటర్ల గొంతును 0.3 మిల్లీమీటర్లు వెడల్పు చేస్తే వైశాల్యం రెండు శాతం పెరుగుతుంది, పవర్ కూడా సుమారుగా అంతే. గోరు మందం కన్నా చిన్న మార్పు స్థానాలను తారుమారు చేయగలదు.

ఇప్పటి హైపర్‌కార్లలో ఈ గొంతు పని సెన్సర్లు చేస్తున్నాయి. చక్రాలకు శక్తి చేరవేసే డ్రైవ్ షాఫ్ట్ మెలి తిరిగే తీరును కొలిచి దాన్ని తిప్పే బలం, అంటే టార్క్ కనుక్కుంటారు. దాన్ని భ్రమణ వేగంతో గుణిస్తే చక్రాలకు అందే అసలు పవర్ తెలుస్తుంది. లోపల ఏ ఇంజను ఉందన్నది ఇక అనవసరం. రేసు నడుస్తుండగానే ఈ అంకెలు అధికారులకు చేరుతుంటాయి.

ఇంధనం, టైర్ల కోసం పిట్‌లో ఒకసారి ఆగాక మళ్లీ ఆగేదాకా ఎంత శక్తి వాడుకోవచ్చన్నదానికీ హద్దుంది. దాన్ని మెగాజూళ్లలో చెబుతారు. సుమారు 900 చుట్టుపక్కల ఉంటుంది. ఎక్కువ తాగే ఇంజనుకూ తక్కువ తాగే ఇంజనుకూ మధ్య తేడా దీంతో చాలావరకు చెరిగిపోతుంది. ముందు చక్రాలకు కరెంటు మోటారున్న ఫెరారీ, టయోటా కార్లు 2023లో గంటకు 190 కిలోమీటర్లు దాటాకే దాన్ని వాడాలని షరతు పెట్టారు. లేకపోతే మలుపు దాటే చోట నాలుగు చక్రాల లాగుడుతో అవి మిగతావాటిని వెనకేసేవి. కార్ల ఆకారాన్ని కూడా గాలి సొరంగంలో పరీక్షించి, డౌన్‌ఫోర్స్‌నూ గాలి నిరోధాన్నీ ముందే నిర్ణయించిన ఒక చట్రంలో ఉండేట్టు చూస్తారు. చట్రం బయటి ఆకారానికి అనుమతి లేదు గనక, కోట్లు పోసి కొత్త ఆకారాలు వెతకడంలో లాభం తక్కువ.

తూకం వేసేవాడి కష్టాలు

మీటలున్నాయి, వాటి వెనక సూత్రాలూ తెలుసు. ఇక ఏ మీట ఎంత తిప్పాలో తేల్చాలి. అసలు చిక్కు ఇక్కడే.

లె మాన్ సర్క్యూట్ పొడవు 13.626 కిలోమీటర్లు; హైపర్‌కార్ ఒక ల్యాపు తిరగడానికి మూడున్నర నిమిషాల దాకా పడుతుంది. అంటే 210 సెకన్లు. రెండు కార్ల మధ్య వెయ్యింట ఒక వంతు తేడా ఉందనుకుంటే ల్యాపుకు 0.2 సెకన్లు. 340 ల్యాపుల్లో అది నిమిషం దాటుతుంది. 2024లో మొదటి రెండు కార్ల మధ్య తేడా 14.2 సెకన్లు, 2025లో 14.1. ఒక రోజులో 86,400 సెకన్లున్నాయి. అందులో 14 సెకన్లంటే పదివేలలో రెండు వంతులకన్నా తక్కువ. గెలుపోటములు తేలేది ఇంత సన్నని గీత మీదైతే, తూకం వేసేవాడి చేయి ఎంత నిలకడగా ఉండాలో ఊహించుకోవచ్చు.

కానీ ఒక కారు సత్తాను అంత సూక్ష్మంగా కొలవగలమా? 62 కార్లు తిరిగే దారిలో నెమ్మది కార్లు అడ్డొస్తాయి. టైర్లు అరుగుతాయి, ఇంధనం తరుగుతుంది, రాత్రి రోడ్డు చల్లబడుతుంది. ఒకే డ్రైవరు ల్యాపులు ఒకదానికొకటి సెకను అటూ ఇటూ అవుతుంటాయి. ఇలాంటి ఊగిసలాట ఉన్నప్పుడు సగటు తీయడమే దారి; ల్యాపుల సంఖ్య వర్గమూలం మేరకు పొరపాటు తగ్గుతుంది. సెకను ఊగిసలాటను పదో వంతుకు దించాలంటే వంద ల్యాపులు కావాలి. అవి కూడా ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. ఒకే టైర్ల మీద, ఒకే డ్రైవరు, ఒకే గంటలో తిరిగిన ల్యాపులు అలాంటివి కావు. అడ్డంకులు తగిలిన ల్యాపులను వదిలేసి మేలైనవాటి సగటు తీసినా ఈ చిక్కు పూర్తిగా వదలదు.

దీనికి కాలం కూడా తోడవుతుంది. ఒక రేసులో కొలిచింది తర్వాతి రేసులో అమలవుతుంది. ఈలోగా సర్క్యూట్ మారింది, వాతావరణం మారింది, జట్టు కారును నడిపించడం ఇంకా నేర్చుకుంది. గీజరు నీళ్లు గొట్టంలో ఆలస్యంగా వచ్చే స్నానాలగదిలో కుళాయిని ఎక్కువ తిప్పి ఒళ్లు కాల్చుకుని, మళ్లీ అటు తిప్పి వణికేవాళ్లం మనం. ఆలస్యంగా అందే సమాచారంతో పెద్ద దిద్దుబాట్లు చేస్తే ఏ వ్యవస్థయినా ఇలాగే ఊగుతుంది. అందుకే నియంత్రణ శాస్త్రం తెలిసినవాళ్లు చిన్న చిన్న దిద్దుబాట్లు, అవీ చాలా రేసుల సగటు మీద చేయాలంటారు. లె మాన్ కూడా భాగమైన ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ 2023 సీజను మొదట్లో నిర్వాహకులు కూడా లె మాన్ ముగిసేదాకా కంపెనీలవారీగా తూకం మార్చబోమనే చెప్పారు. తీరా లె మాన్ ముందే 37 కిలోలు వచ్చి పడ్డాయి. టయోటా కోపంలో సగం ఆ బరువుకైతే, మిగతా సగం ఆ మాట తప్పినందుకు.

దాచుకున్న వేగం

ఇంతవరకు చెప్పిన చిక్కులు ప్రకృతివి. మనుషులవి వేరే ఉన్నాయి. వేగం చూపితే బరువు పడుతుందని తెలిసినవాడు వేగం చూపిస్తాడా? పరీక్షల్లో మలుపుకు ముందే కాలు తీస్తాడు, అక్కర్లేని ఇంధనం నింపుకుంటాడు. దీన్నే రేసు పరిభాషలో శాండ్‌బ్యాగింగ్ అంటారు. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: ఒక కొలతను ఆధారంగా చేసుకుని నియంత్రణ మొదలుపెట్టగానే ఆ కొలత నమ్మదగినదిగా మిగలదు.

2016 లె మాన్ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. 1966లో ఫెరారీని ఓడించి గెలిచిన ఫోర్డ్, యాభై ఏళ్ల తర్వాత కొత్త జీటీ కారుతో తిరిగొచ్చింది. ఆరంభ స్థానాలు తేల్చే క్వాలిఫయింగ్‌లో ఫోర్డ్, ఫెరారీ కార్లు తమ తరగతిలో ఒక్కసారిగా మిగతావాళ్లకు అందనంత ముందుకెళ్లాయి. నిర్వాహకులు క్వాలిఫయింగ్‌కూ రేసుకూ నడుమనే తూకం మార్చారు. ఫోర్డ్ టర్బో పీడనం తగ్గించి బరువు పెంచారు, ఫెరారీకీ బరువు పెంచారు, కొందరికి రెస్ట్రిక్టర్ వెడల్పు చేశారు. అయినా ఆ తరగతిలో ఫోర్డ్‌కు మొదటి, మూడు, నాలుగు స్థానాలు దక్కాయి, రెండోది ఫెరారీది. అదే ఏడాది జనవరిలో అమెరికాలోని డేటోనా 24 గంటల రేసులో లాంబోర్గినీ కార్లు ముందు చూపినదానికి మించిన వేగంతో పరుగెత్తాయి. అక్కడి నిర్వాహక సంస్థ ఇమ్సా వాటికి రేసు తర్వాత సమయం పెనాల్టీ వేసింది.

చక్రాల దగ్గరే పవర్ కొలిచే సెన్సర్లు, గాలి సొరంగం పరీక్షలు ఈ దాగుడుమూతలకు కొంత అడ్డుకట్ట వేశాయి. ల్యాపు సమయం అబద్ధం చెప్పగలదు. షాఫ్ట్ మెలితిరుగుడు చెప్పలేదు. సాధ్యమైనంతవరకు మనిషి చూపించే వేగాన్ని వదిలి యంత్రం భౌతిక లక్షణాలను కొలవడమే గుడ్‌హార్ట్ బెడదకు మందు.

దేన్ని సమం చేయకూడదు

బీఓపీని మరో పద్ధతితో కలగలపకూడదు. బ్రిటన్ టూరింగ్ కార్ల రేసుల్లో చాలాకాలం గెలిచినవాడి కారుకు తర్వాతి పోటీలో సీసం కలిపేవారు. ఇది సక్సెస్ బ్యాలస్ట్. అది ఫలితాన్ని సమం చేస్తుంది. డ్రైవరు నేర్పుకూ బరువు పడుతుంది. బీఓపీ ఆశయం అది కాదు. యంత్రం సత్తానే సమం చేసి, డ్రైవరు నేర్పు, టైర్లను కాచుకోవడం, పిట్ వ్యూహం, బండి చెడిపోకుండా చూసుకోవడం ముట్టుకోకుండా వదలాలి. ఈ గీత చెరిగితే ఆట మిగలదు.

ఫార్ములా-1 ఎంచుకున్న మార్గం ఇంకోలా ఉంది. 2021లో ఖర్చుకు పరిమితి పెట్టారు. అదే ఏడాది నుంచి గాలి సొరంగం పరీక్షల కోటాను స్థానాన్ని బట్టి పంచుతున్నారు: 2022 నుంచి ఛాంపియన్ జట్టుకు 70 శాతం, ఆ తర్వాత ఒక్కో స్థానానికి ఐదు శాతం చొప్పున పెంచుతూ పదో జట్టుకు 115 శాతం. ఈ రోజు కారు వేగం జోలికి పోరు. రేపటి కారు గురించి నేర్చుకునే అవకాశాన్ని వెనకబడ్డవాడికి కొంచెం ఎక్కువ ఇస్తారు. ఫలితం నెమ్మదిగా వస్తుంది. కానీ రేసు రోజున ఎవరి మీదా వేలెత్తి చూపడానికి ఆస్కారం ఉండదు.

ఇక తీర్పు. 2020లో ఐదు కార్లతో వెలవెలబోయిన అగ్రశ్రేణిలో 2024 రేసు ముగిసేసరికి తొమ్మిది కార్లు ఒకే ల్యాపులో ఉన్నాయి. ఆ మేరకు బీఓపీ గెలిచింది. కానీ 2023, 24, 25 మూడేళ్లూ లె మాన్‌లో ఫెరారీ కారే గెలిచింది. అది జట్ల నేర్పా, తూకంలో లోపమా? బయటివాళ్లు తేల్చుకునే వీలు లేదు. ఎందుకంటే ఈ మూడేళ్ల రేసులకు కిలోలు, కిలోవాట్ల పట్టికలు బయటికి వచ్చాయి గానీ, ఆ అంకెలు ఎలా వచ్చాయో చెప్పే లెక్క పూర్తిగా రాలేదు. పైగా బీఓపీ గురించి జట్లు, డ్రైవర్లు బహిరంగంగా వ్యాఖ్యానించకూడదని ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ నిబంధనల్లోనే రాసుకున్నారు. విజ్ఞానంలో ఏ కొలతనైనా మనం నమ్మేది ఇంకొకరు దాన్ని తిరిగి లెక్కించి చూడగలిగినప్పుడే. రేసు తూకానికీ అదే నియమం వర్తించాలి. కనీసం సీజను ముగిశాకైనా కొలతలనూ సూత్రాన్నీ బయటపెట్టాలి. అప్పటిదాకా, ఎంత సూక్ష్మంగా కొలిచినా, ఓడినవాడి అనుమానానికి బీఓపీ దగ్గర జవాబు ఉండదు.